మూడో కుట్టు

ఏనుగుకు కంటికొలతతోనే లాగూ కుట్టానని చెప్పుకునే దర్జీ, ఆ ఉదయం భార్య జాకెట్టు పక్కలు బిగించి మూడో కుట్టు వేస్తున్నాడు. ఏనుగు సంగతి ఏనుగుకే తెలియాలి గానీ, ఆయన కొలత ఎన్నడూ తప్పలేదు. మూడు వారాల్లో మూడు కుట్లు. పక్కగదిలో ఆమె దగ్గు పాతగుడ్డ చింపుతున్నట్టు ఆగి ఆగి వినిపిస్తోంది.

ఊపిరితిత్తుల్లో బూజు పట్టిందని డాక్టరమ్మ తెల్లమాత్ర రాసింది. రోజూ కోడలే తీసిస్తుంది. అయినా నిన్నటి రక్తపరీక్షలో మందు జాడే లేదు.

కోడలు డ్యూటీకి చెప్పులు వేసుకుంటుంటే దర్జీ కత్తెర పక్కన పెట్టాడు.

"ఏమ్మా, మందుల ఫ్యాక్టరీలో పనిచేసేదానివి. నువ్విచ్చేది మాత్రా, సుద్దముక్కా?"

"అదేం మాట మామయ్యా!"

"మరి మింగిన మందు ఏమైనట్టు? గోడ దూకిందా?"

కోడలి ముఖం పాలిపోయింది. చెప్పులు విడిచి అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యా, మాత్ర వేసుకున్నాక ఇంకేమైనా తాగుతున్నారా?"

"గుండెల్లో మంటమ్మా. మీ మామయ్య గులాబీరంగు మందు రెండు చెంచాలు పోస్తారు."

"ముప్ఫై ఏళ్ళుగా నేనూ తాగుతున్నా. చచ్చానా?" అన్నాడు దర్జీ గుమ్మంలోంచి.

కోడలు రెండు గ్లాసుల్లో వెనిగర్ పోసింది. ఒకదాంట్లో వంటసోడా వేసింది. బుస్సున పొంగి చల్లారింది. ఒక మాత్రను నలిపి చెరిసగం వేసి కలిపింది.

"ల్యాబులో నా పని ఇదే మామయ్యా, పుల్లటి నీళ్ళలో మాత్ర కరుగుతుందో లేదో చూడటం. కడుపులో ఉండేదీ పులుపే. సోడా ఈ గ్లాసులో పులుపును విరిచేసింది. మీ గులాబీ మందు చేసేదీ అదే."

దర్జీ రెండు గ్లాసులూ చూస్తూ కూచున్నాడు. ఒకదాంట్లో పొడి సన్నబడుతోంది. రెండోదాంట్లో ఎంత కలిపినా అడుగునే పేరుకుంటోంది.

"కరక్కపోతే రక్తంలోకి దారి లేదు. అలాగే బయటికి పోతుంది."

"అంటే... మూడు వారాలూ బూజును మేపింది నేనా?"

ఏనుగుల్ని అల్లిన నోటికి ఒక్క అబద్ధమూ అందలేదు. కోడలు ఫోన్ చేస్తే డాక్టరమ్మ గులాబీ మందు ఆపమంది. భోజనం చేశాక పుల్లటి కూల్‌డ్రింకుతో మాత్ర వేయమంది. పది రోజులకు మళ్ళీ పరీక్ష. ఈ మూడు వారాల్లో జబ్బు ఎంత పాకిందో ఇప్పుడే చెప్పలేనంది.

దర్జీ గులాబీ మందు పోసే చెంచా కోడలి ముందు పెట్టాడు. "నిన్ను నానా మాటలన్నాను తల్లీ. ఇక నా చేత్తో ఏదీ ఇవ్వను."

"తెలిసినదాన్నయ్యుండి నేను ముందే అడగలేదు మామయ్యా." ఆమె కూల్‌డ్రింకు సీసా తెచ్చి ఆయన చేతిలోనే పెట్టింది. "మీరిస్తేనే అత్తయ్య తాగుతారు."

మంచం మీంచి ముసలామె జాకెట్టు వైపు చూసింది.

"ఏవండీ, నాలుగో కుట్టు కూడా పడుతుందా?"

దర్జీ జాకెట్టు తిరగేసి చూపించాడు. "గుడ్డంతా లోపలే ఉందే. ఒక్క పోగు కత్తిరించలేదు. నువ్వు ఒళ్ళు చేస్తే అన్నీ విప్పేస్తా."

కొలిచి చూద్దామని టేపు ఆమె చేతికి చుట్టాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు అంకెలు కనిపించలేదు.