దగ్గుల నూతి దగ్గర ఆగిన బండి

గజపతినగరం దాటాక, రోడ్డు దిగి గోగు చేలల్లోంచి పోయే బండిదారి పక్కన ఒక పాడుబడ్డ నుయ్యి ఉండేది. దగ్గుల నుయ్యి అనేవారు. పొద్దుగూకాక అటు వెళితే లోపలినుంచి ఎవరో దగ్గినట్టు వినిపిస్తుందని చెప్పుకునేవారు. ఒక దగ్గు... కాస్త ఆగి, ఇంకో దగ్గు. ఇద్దర్ని మింగిన నుయ్యి మరి! పశువుల కాపర్లు కూడా ఎండ ఉండగానే మందల్ని మళ్ళించుకుపోయేవారు.

కరువు వెళ్ళిన మరుసటేడు, అంటే అరవై ఏడులో, అక్కడ జరిగిన సంగతి ఇది. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

టీకాల నరసింగరావుకి దెయ్యాలంటే భయం లేదు. అతని భయమల్లా బ్రేకు ఇన్‌స్పెక్టరంటేనే. మోటారు బళ్ళు తనిఖీ చేసే ఆయన్ని అలాగే అనేవాళ్ళం. పేరుకే బ్రేకు, చూసేది అన్నీను. ఆయన కంటబడకుండా ఆరేళ్ళు తిరిగిన బస్సు ఒకటుండేది... సరే, దాని కథ వేరు.

ఊరూరా తిరిగి టీకాలు వెయ్యడానికి నరసింగరావు విజయనగరంలో ఒక పాత మిలిటరీ మోటారుసైకిల్ కొన్నాడు. బండి రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్న ఇంజను నంబరు ఒకటి, బండి మీద ఉన్నది మరొకటి. ఇన్‌స్పెక్టరు పట్టేశాడు.

"ఈ ఇంజను ఎక్కడిదో శనివారంలోగా రాతమూలకంగా తెండి. లేదా, దొంగసొత్తని కేసు రాస్తాను."

కేసంటే గవర్నమెంటు ఉద్యోగం ఊడినట్టే.

బండి అమ్మిన మెకానిక్కు కృపానిధిని వెళ్ళి నిలదీస్తే, అతను గొంతు తగ్గించాడు. "పాతింజను పనికిరాకపోతే ఏరేది ఏసినాను బాబూ. గజపతినగరం అవతల జగన్నాధం గారని... ఆయన కాడ కొన్నాను." రెంచి కింద పెట్టి, అటూ ఇటూ చూశాడు. "ఎళ్తే ఎళ్ళండి గానీ, పొద్దుండగానే తిరిగొచ్చీండి."

శుక్రవారం సాయంత్రం వెళ్ళాడు. జగన్నాధం సంతకి పోయాడన్నారు. దీపాలు పెట్టేదాకా అరుగు మీద కూర్చుంటే మంచినీళ్ళయినా ఇచ్చినవాళ్ళు లేరు. చివరికి వచ్చాడాయన. బండిని చూశాడు, ఇంజన్ని చూశాడు. ముఖం మాడిపోయింది.

"నాను ఇంజను అమ్మడమేటి? ఎవుడు సెప్పినాడు నీకు?"

"ఒక్క సంతకం చాలండి..."

"ఒరే! కుక్కల్ని ఇప్పండ్రా!"

కుక్కలు పొలిమేర దాకా తరిమాయి. రోడ్డెక్కాలంటే ఉన్న దారి ఒక్కటే — నూతి పక్కనుంచి.

మనిషెత్తు దాటిన గోగు, రెండు వైపులా. మధ్యలో బండి దీపం, గుడ్డిగా. సరిగ్గా నూతి దగ్గరకి వచ్చేసరికి ఇంజను దగ్గింది. ఒకసారి... ఇంకోసారి...

ఆగిపోయింది.

కిక్కు కొట్టాడు. లాభం లేదు. మళ్ళీ కొట్టాడు. చెమట పట్టింది. కాలు తీసి నేల మీద పెట్టాడో లేదో —

ఎవరో దగ్గారు.

ఆ వెంటనే ఒక రాయి వచ్చి చక్రం మీది రేకుకి తగిలి ఖంగుమంది. రెండోది భుజానికి తగిలింది.

"ఎవరది?"

గోగు పాయలు విడ్డాయి. ఒక ఆడమనిషి. చేతిలో మూడో రాయి ఉంది.

"దిగు," అంది గుసగుసగా. "ముందు దాని మీంచి దిగు."

దిగి టార్చి వేశాడు. మొదట చూసింది కాళ్ళు. పాదాలు ముందుకే ఉన్నాయి. ప్రాణం కుదుటపడింది.

"నాను సిన్నతల్లిని. ఈ నూతిలో సచ్చిపోయిన ఎర్రన్న పెళ్ళాన్ని. మూడు నెల్లు రాత్రీ పగలూ ఈ సప్పుడే ఇన్నాను బాబూ. మర్సిపోతానా?"

దగ్గరకి వచ్చింది. కాలుతున్న ఇంజను మీద చెయ్యి వేసి, రంగు కింద, వేడి తగ్గించే ఇనప రెక్కల్ని ఒక్కొక్కటే తడిమింది. చెయ్యి కాలుతున్నట్టే లేదు ఆమెకి.

"ఒకటి... రెండు... మూడు... నాలుగు. ఇరిగినాయా? నానే ఇరగ్గొట్టినాను, బండరాయెట్టి. శవాలతో పాటు దీన్నీ పైకి లాగినారు. ఆ దినం."

"నూతిలోంచా?"

"కరువులో నీళ్ళు అడుక్కి దిగిపోనాయి. పైనున్న పంపుకి అందలేదు. జగన్నాధం పంపునీ, దానికి బిగించిన ఈ మోటారుసైకిలింజన్నీ మోకులు కట్టి లోపలికి దింపించినాడు. ఇది ఆడతండగా నా మొగుడు నూనె పొయ్యడానికి దిగినాడు. దగ్గినాడు... పడిపోనాడు. అన్నని తెత్తానని నా మరిది నూకయ్య దిగినాడు. ఆడూ ఒక్క దగ్గు దగ్గినాడు..."

నరసింగరావు చదువుకున్నవాడు. పొగ ఎటూ పోలేక నూతినిండా నిలిచి ఉంటుంది. రెండు మూడు ఊపిర్లు చాలు.

"దెయ్యం లాగేసిందని ఊరంతా సెప్పించినాడు జగన్నాధం. దీన్ని అమ్మేసినాడు. నూతిలో ఏ దెయ్యమూ నేదు బాబూ." ఇంజను మీంచి చెయ్యి తియ్యలేదామె. "దెయ్యాన్ని నువ్వెక్కి తిరుగుతన్నావు."

అతను టార్చి నూతి వైపు తిప్పాడు. "మరి... ఇందాక దగ్గింది నువ్వేనా?"

"నానెందుకు దగ్గుతాను?"

ఇన్‌స్పెక్టరు అడిగిన కాగితం సంగతి నరసింగరావు గబగబా చెప్పాడు.

"కాయితమ్మీద రాయి," అంది చివరికి. "ఇది ఎక్కడిదో రాయి. ఎవుర్ని సంపిందో అదీ రాయి."

టార్చి వెలుగులో, బండి సీటు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రాశాడు. వేలిముద్రకి సిరా లేదు. ఆమె ఇంజను కింద కారిన నల్లనూనెలో బొటనవేలు ముంచి, రాత చివర ఒత్తింది. ఒక్క ముద్ర. దాని పక్కన 'చిన్నతల్లి' అని రాసి, మడిచి, లోపలి జేబులో పెట్టుకుని గుండీ పెట్టాడు. మళ్ళీ ఆ బండి ఎక్కలేదు. రోడ్డు దాకా, అక్కడినుంచి ఊరి దాకా తోసుకుంటూనే పోయాడు.

శనివారం ఇన్‌స్పెక్టరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"దీన్ని పోలీసులకి పంపుతాను. జగన్నాధం సంగతి వాళ్ళు చూసుకుంటారు. మీ ఉద్యోగానికి ఢోకా లేదు." కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. "మీ జేబులో నీళ్ళు గానీ ఒలికాయా?"

"లేదండీ..."

"మరి ఇక్కడ తడిసి ఉబ్బిందేం? అదలా ఉంచండి." కాగితం అతని వైపు తిప్పి, కింద వరసగా ఉన్న మూడు నల్లటి వేలిముద్రల మీద పెన్సిలు ఆనించాడు. "సాక్షులు ముగ్గురైతే ఒక్కరి పేరే రాశారు. తక్కిన ఇద్దరి పేర్లూ చెప్పండి... రాసుకుంటాను."