మర్లీన్‌కు నచ్చిన పుస్తకం

ఆ గురువారం పొద్దున మర్లీన్ గుడ్లు వేపుతూ, పనిలో పనిగా నిన్న చూసిన సినిమాను కూడా వేపుకు తింటోంది.

“కుక్క చేత ప్రేమలేఖలు మోయించాడయ్యా ఆ డైరెక్టరు! ఆ కుక్కకే సిగ్గేసి మొహం తిప్పుకుంది, చూశావా?”

“కుక్క బాగుంది కదా,” అన్నాడు వెండెల్ రొట్టెకు వెన్న రాస్తూ.

“నీకు బాగోనిదేముంది? వాతావరణం వార్తలకు కూడా చప్పట్లు కొడతావు.”

వాళ్లుండే డాఫిన్ అనే చిన్న ఊళ్లో ఈ మాటలు వింటే ఎవరూ నమ్మరు. గురువారం తొమ్మిదింటికి రేడియోలో ఈ వారం ఏం చదవాలో, ఏం చూడాలో చెప్పేది ఈ మొగుడూ పెళ్లాలే. అందులో మెచ్చుకునేది మర్లీన్, తిట్టేది వెండెల్. ఇద్దరూ ఒకే మాటంటే వినేవాడుండడని, ఇరవై ఏళ్ల కిందట స్టేషన్ మేనేజరు చెరోవైపు పంచేశాడు. అప్పట్నుంచీ ఆవిడ మైకు ముందు తేనె, ఇంట్లో విషం. ఆయన మైకు ముందు నిప్పులు కక్కి, ఇంటికొచ్చి అదే పుస్తకం ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకుంటాడు. ఊరు ఆయనకు జంకుతుంది, ఆవిడకు దండం పెడుతుంది. మర్లీన్‌కు ఆ ఊరంటేనే చులకన. తాను అద్భుతమన్న చెత్తనల్లా ఎగబడి కొనే జనం మీద గౌరవం ఎక్కణ్ణుంచి వస్తుంది?

బయట కారాగింది. కూతురు టెస్సా వచ్చింది. ఒక్కతే కూతురు, పళ్ల డాక్టరు దగ్గర పని. నాలుగేళ్లు తెల్లారగట్ల లేచి ఒక నవల రాసింది. విన్నిపెగ్‌లో చిన్న ప్రచురణకర్త ఒకాయన వేశాడు. ఇవాళ రేడియోలో దాని వంతు. తల్లీదండ్రీ కూతురి పుస్తకం గురించి మాట్లాడితే ఊరంతా చెవులు రిక్కిస్తుందని మేనేజరు ముచ్చట.

టెస్సా బూట్ల మంచైనా దులుపుకోలేదు.

“చదివావా అమ్మా?”

“చదివాను.”

“రేడియోలో ఏమైనా అనుకో. ఇక్కడ మాత్రం నిజం చెప్పు. రెండోది మొదలుపెట్టాలా వద్దా అన్నది నీ మాట మీదే పెట్టుకున్నాను.”

అంత మంచి పుస్తకం మర్లీన్ చేతిలో పడి చాలా కాలమైంది. ఆ సంగతి చెప్పడానికే నోరు తెరిచింది.

“మనసుకు హత్తుకునే కథ తల్లీ. ప్రతి ఇంట్లో ఉండాల్సిన పుస్తకం.”

టెస్సా ముఖం వాడిపోయింది.

“పోయిన వారం ఆ గుర్రాల నవలనూ ఇదే అన్నావు. అక్షరం తేడా లేదు. కారెక్కగానే, దీన్ని గుర్రం కూడా నమలదన్నావు.”

“అది వేరే!”

“ఎలా వేరో చెప్పు.”

మర్లీన్ తన మెచ్చుకోలు మాటలన్నీ తిరగేసి చూసుకుంది. అద్భుతమందామంటే, ఇంకాసేపట్లో కుక్క సినిమాను అనబోయేది అదే. కన్నీళ్లాగలేదందామంటే, అది ఒక వంటల పుస్తకానికి ఖర్చయిపోయింది.

“నాకు చాలా నచ్చిందమ్మా,” అన్నాడు వెండెల్.

“నాన్నా, చిగుళ్ల జబ్బుల మీద మా క్లినిక్‌లో ఇచ్చే కాగితం కూడా నీకు నచ్చింది.” టెస్సా మళ్లీ తల్లి వైపు తిరిగింది. “పుట్టినప్పట్నుంచీ ఈ వంటింట్లో నీ తిట్లే విన్నాను. నీకు నిజంగా ఏదైనా నచ్చితే ఎలా మాట్లాడతావో నాకు తెలీదు. నీకూ తెలీదు. బాగోలేదని చెప్పలేక రేడియో గొంతు తీశావు. పర్లేదు, మానేస్తాను.”

“మానేయమని ఎవరన్నారే?”

“నీ గొంతే అంది.” తలుపు ధడాలున పడింది.

స్టేషన్‌కు కారులో వెళ్లినంతసేపూ మర్లీన్ మేనేజర్ని తిట్టింది, మంచును తిట్టింది, ఊరిని తిట్టింది. చివరికి తిట్టడానికి తానొక్కతే మిగిలింది.

ప్రసారం మొదలైనట్టు స్టూడియోలో ఎర్రదీపం వెలిగింది. ముందు వెండెల్ తిట్టాలి.

“ఈ పుస్తకం...” అన్నాడు. అంతే, దాన్ని ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకోసాగాడు. అద్దం అవతల మేనేజరు చేతులూపుతున్నాడు. మర్లీన్ మైకు ముందుకు జరిగింది. ఆవిడ తీసింది రేడియో గొంతు కాదు, వంటింటి గొంతు.

“ఈ పిల్లకు బుద్ధుందా అని! కథలో ఆ ముసలమ్మను సగంలోనే చంపేసింది. ఏం ముంచుకొచ్చింది? ఆవిడతో నా పని ఇంకా అవ్వలేదు. ఒళ్లు మండి పుస్తకం విసిరికొట్టాను. మళ్లీ నేనే వెళ్లి ఏరుకొచ్చుకున్నాను. చదువుతూ ఉండిపోతే, పొయ్యిలో వంటకు పెట్టిన క్యాబేజీ చుట్టలు మాడి ఇల్లంతా పొగ. ఆ చెల్లెలుంది చూశారూ, బస్సెక్కకుండా తిరిగొస్తుంది, తెలివితక్కువది! ఎక్కు, ఎక్కవే అని అరిచాను. ఎవరితో మాట్లాడుతున్నావని ఈయన పరుగెత్తుకొచ్చాడు. రెండ్రోజులు ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు. ఇలాంటి పుస్తకం నాకొద్దు, నాకు పనులున్నాయి. మీకూ ఉంటే దీని జోలికి పోకండి.”

 ఇన్నేళ్లలో మైకు ముందు ఆవిడ తిట్టడం అదే మొదలు. వెండెల్ ఆవిడ చేతి మీద చెయ్యి వేశాడు.

బయటికొస్తే స్టేషన్ ముందు టెస్సా కారుంది. పనికి పోలేదు, రేడియో పెట్టుకుని అందులోనే కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. అద్దం దించింది.

“విసిరికొట్టావా?”

“గోడకేసి.”

“నిజంగానా అమ్మా?”

“ఏం నిజంగానా? ఆ ముసల్దాన్ని చంపడానికి నీకు చేతులెలా వచ్చాయే?” అంటూ మర్లీన్ మంచులో నిలబడి బావురుమంది.

టెస్సా ఏడుస్తూనే నవ్వింది. “రెండోదాంట్లో ఎవర్నీ చంపన్లే.”

“ముందు రాసి చావు,” అంది మర్లీన్ ముక్కు చీదుతూ. “ఎవర్ని చంపాలో నేను చెప్తాను.”