ముప్పై రోజుల ఫైలు

చేసిన పనికి తల వంచుకోవాల్సింది పోయి, ఆ అమ్మాయి అతనికి కుర్చీ చూపించి కూర్చోమంది. అక్కడే అతని కోపం సగం నీరుగారిపోయింది.

కోపం రావడంలో తప్పేం లేదు పాపం. ఆరు ఊళ్ల కంప్యూటర్లు కలిసి లెక్కలు చేసే ఆ పరిశోధన కేంద్రంలో అందరికీ ఒకటే ఉమ్మడి డిస్క్. దాని బాగోగులు అతనివి. ముప్పై రోజులు ఎవరూ ముట్టని ఫైలుని అతని ప్రోగ్రాం ఊడ్చేస్తుంది. ఊడ్చకపోతే డిస్క్ నిండుతుంది, నిండితే ఆరు ఊళ్లలోనూ పని ఆగుతుంది, ఆగితే అందరూ అతని మీద పడతారు. అలాంటిది, వానల మీద పరిశోధన చేసే ఈ అమ్మాయి ప్రతి ఇరవై తొమ్మిదో రోజున తన ఫైళ్లన్నిటికీ తేదీలు మార్చేసి, కొత్తవాటిలా నిలబెడుతోంది. డిస్క్‌లో ఐదో వంతు ఆమెదే. ఘాటుగా మెయిల్ పంపాడు. జవాబు లేదు. మెట్లు దిగి తనే వచ్చాడు.

"మీరేనా చీపురుగారు?" అంది.

"చీపురేంటి?"

"అందరివీ ఊడ్చేస్తారుగా. మా గదిలో మీ పేరు అదే."

నవ్వకూడదనుకున్నాడు, కుదర్లేదు. తేదీలు మార్చడం మోసమని మాత్రం గట్టిగానే చెప్పాడు. ఆమె దబాయించలేదు. శాశ్వత నిల్వ కోసం మూడుసార్లు ఫారం పెట్టానని, 'ఎంతకాలం ఉంచాలి' అన్న గడిలో 'తెలియదు' అని రాసినందుకు మూడుసార్లూ తిప్పి పంపారని చెప్పింది. తిప్పి పంపింది అతనే. ఆ సంగతి ఒప్పుకోవడానికి అతనికి రెండు వారాలు పట్టింది.

ఆ తర్వాత నాలుగు నెలల పాటు, సాయంత్రాలు పై అంతస్తులో అతని గదిలో కూర్చుని ఇద్దరూ ఫైళ్లు ఏరారు. మళ్లీ లెక్క కడితే వచ్చేవి ఒక పక్క, పోతే తిరిగి రానివి ఒక పక్క. కిటికీ అవతల వాన దంచికొడుతుంటే, తన లెక్క ప్రకారం ఇవాళ ఎండ కాయాలని ఆమె మొహం మాడ్చుకునేది. అతను టీ తెచ్చిపెట్టేవాడు. ఇంట్లో అక్క ఊరుకుంటుందా? ఇస్త్రీ చొక్కా లేనిదే గడప దాటని తమ్ముణ్ణి ఎన్నడూ చూడలేదని ఒకటే ఆటపట్టించడం.

డిస్క్ తేలికపడింది. అతనికే దిగులు పట్టుకుంది. ఆమె ప్రాజెక్టు అయిపోవచ్చింది, శుక్రవారంతో ఖాతా మూసేయాలి, సోమవారం నుంచి ఆమెకు ఆ మెట్లెక్కే పనే ఉండదు. మనసులో మాట చెబుదామంటే ధైర్యం చాలదు. కాదంటే ఉన్న స్నేహం కూడా పోతుందని భయం.

శుక్రవారం మధ్యాహ్నం, ఖాతా మూసేముందు తీసేయాల్సిన ఫైళ్ల జాబితా వచ్చింది. ఆమె పేరు మీద ఒక్కటే మిగిలింది. రెండు పేజీలు కూడా ఉండదు. తేదీ ఆ పొద్దుటిదే. పేరు 'చీపురుగారి మొదటి ఉత్తరం.'

తెరవడానికి ఒక్క క్లిక్కు చాలు. కానీ ఇంకొకరి ఫైలు తెరవకూడదని అందరికీ నేర్పింది తనే కదా! మళ్లీ మెట్లు దిగాడు. అట్టపెట్టెలో పుస్తకాలు సర్దుకుంటున్న ఆమె ముందు నిలబడి, "ఒక ఫైలు మిగిలింది. ఊడ్చేయమంటారా?" అన్నాడు.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "తెరిచి చూశారా?"

"లేదు. పేరు మాత్రమే చూశాను."

"అయితే ఇప్పుడు చూడండి" అని తన స్క్రీను అతనివైపు తిప్పింది.

పైన అతని ఘాటు మెయిల్. కింద ఇరవై తొమ్మిది రోజులకొకటి చొప్పున ఆమె చేర్చిన వాక్యాలు. 'ఈ మనిషికి మర్యాద తెలియదు.' 'తెలుసు, బయటపెట్టడు.' 'టీలో చక్కెర ఎంతో అడక్కుండానే సరిగ్గా వేసి తెచ్చాడు.' 'ఈ నెల వానల మీద ధ్యాసే లేదు.' ఆఖరిది ఆ పొద్దున రాసింది. 'ఇవాళైనా అడుగుతాడేమో.'

అతనికి కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది.

"ఫైలు వంకతో వచ్చాను గానీ, అడగడానికే వచ్చాను" అన్నాడు. "మీరంటే నాకు ఇష్టం. సోమవారం నుంచి మీరు రారంటే నా వల్ల కావడం లేదు."

ఆమె సొరుగులోంచి ఒక కాగితం తీసింది. అతను మూడోసారి తిప్పి పంపిన ఫారం. 'తెలియదు' అన్నది కొట్టేసి, పక్కన ఏదో రాసి అతని చేతిలో పెట్టింది.

'మనిద్దరం ఉన్నంతకాలం' అని ఉంది.

"ఇది కూడా తిప్పి పంపుతారా?" అని అడిగింది.

అతను జేబులోంచి పెన్ను తీసి, ఆమె బల్ల మీదే సంతకం పెట్టాడు.