రెండో నంబరు

నాగేంద్రమ్మకు ముప్పై ఎనిమిదేళ్లు. ఏది ముట్టుకోబోయినా ముందు పైటకొంగుకి చేతులు తుడుచుకుంటుంది.

ఆ అలవాటు రాములమ్మకు ఉంటే బతికిపోయేదని వెల్దుర్తిలో అనేవాళ్లు. చచ్చిన ఆడదానిలో తప్పు వెతకడానికి మనవాళ్లకు ఎప్పుడూ తీరికే. రాములమ్మ గురునాథం మొదటి భార్య. మిరపతోటలో, బోరు దగ్గర వైరు జాయింటుకు టేపు చుడుతోంది. మాచర్లలో టీ తాగుతూ గురునాథం ఫోన్లోంచి మోటారు వేశాడు. "జాయింటు దగ్గరున్నానని ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదు" అని అందరి ముందూ ఏడ్చాడు. మూడో నెలలో నాగేంద్రమ్మను కట్టుకున్నాడు.

ఫోన్‌తో మోటారు వేసే, సిమ్ము ఉన్న ఆ స్టార్టరు పెట్టెకు ఆయుష్షు తీరిందని కంపెనీ కబురు పెడితే, దాన్ని మార్చడానికి మాత్రం ఏడాది బేరమాడాడు.

కొత్త పెట్టె బిగించడానికి కంపెనీ కుర్రాడు షాహిద్ వచ్చాడు. పాతదాని మెమరీలో దాచుకున్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించాడు. పరీక్ష కోసం నాగేంద్రమ్మ నంబరు కూడా కలిపాడు.

"ఇక పెట్టె నుంచి ఫోనొస్తే ఒకటి నొక్కి నువ్వూ మోటారు వెయ్యొచ్చు, రెండు నొక్కి ఆపొచ్చు పిన్నీ. బాబాయ్‌కి చెప్పమాక. పెళ్లాం చేతిలో తాళం పెట్టావేందిరా అని నన్ను తంతాడు."

మర్నాడు మిట్టమధ్యాహ్నం. తోటలో ఆకు కదలడం లేదు. తడిమట్టి వాసన. దాని వెనకే, కాలిన రబ్బరు వాసన...

నాగేంద్రమ్మకు పెట్టె నుంచి ఫోన్ వచ్చింది. ఆడగొంతు. గుసగుసగా.

"వెయ్యమాక... చేతులు తడిగా ఉన్నయ్..."

షాహిద్‌ని అడిగితే నవ్వాడు. "అందులో ఉండేది మగగొంతే పిన్నీ. ఎండ తగిలిందేమో నీకు."

రాత్రి అన్నం పెడుతూ ఆ మాటే మొగుడికి చెప్పింది. గురునాథం చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఆ మాట నీకెవరు చెప్పారే?"

అతనికి తప్ప ఎవరికీ తెలియని మాట అది. అంటే రాములమ్మ ఫోన్ చేసింది. అతను విన్నాడు. విని, వేశాడు.

ముద్ద మింగి మామూలుగా అన్నాడు: "పొద్దున్నే పోయి జాయింటుకు టేపు చుట్టు. నాకు మాచర్లలో పనుంది."

తెల్లారి బోరు దగ్గర పైపు కారుతోంది. కాళ్ల కింద బురద. ఎంత తుడిచినా చేతులు ఆరడం లేదు. ఫోన్ చేసింది.

"ఏమయ్యా, జాయింటు దగ్గరున్నా. నేను చెప్పిందాకా వెయ్యమాక."

"ఊఁ."

ఒక చేత్తో వైరు పట్టుకుంది. ఫోన్ మోగింది.

"ఊఁ అన్నాడా...? నాతోనూ అట్టనే అన్నాడు... చెయ్యి తియ్యి."

తీసింది. జాయింటు నీలంగా భగ్గుమంది.

సాయంత్రం గురునాథం ఇంటికొచ్చాడు. వాకిట్లో నిలబడ్డ పెళ్లాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"జాయింటు కాలిపోయింది. నా చెయ్యి కూడా కాలింది. నువ్వే చుట్టాలి" అంది నాగేంద్రమ్మ.

"పనికిమాలిన దానా" అని టేపు అందుకున్నాడు. జేబు తట్టి చూసుకున్నాడు. "ఫోన్ నా దగ్గరుంది. నాకేంది భయం?"

బోరు దగ్గర ఆమె గట్టు మీద కూర్చుంది. అతను బురదలో వంగి రెండు చేతులతో వైరు పట్టుకున్నాడు. ఆమె ఒళ్లో ఫోన్ మోగింది. ఈసారి ఆ గొంతులో గుసగుస లేదు.

"ఆయన చేతులు తడిగా ఉన్నయ్. మోటారు వెయ్యడానికి ఒకటి నొక్కండి."

నాగేంద్రమ్మ పైటకొంగుకి చేతులు తుడుచుకుని, ఒకటి నొక్కింది.