అడుగు ట్యాంకులో అరుపు

శవం మీద గాయం లేదు. ఒంట్లో విషం లేదు. ఓడ అడుగున, ఎన్నాళ్లుగానో మూసి ఉన్న ఖాళీ ట్యాంకులో, నిచ్చెన కిందే పడి చనిపోయాడు గూఢచారి శాఖ ఏజెంట్.

"ఎవరు చంపారు సార్?" అడిగాడు మరో ఏజెంట్.

"తుప్పు," అన్నాడు చీఫ్. "మూసిన ట్యాంకులో ఇనుము తుప్పు పడుతూ ఆక్సిజన్ తినేస్తుంది. రంగుండదు, వాసనుండదు. నాలుగు ఊపిర్లు, అంతే. వాణ్ణి లోపలికి దింపింది మాత్రం ఇది."

టేప్ రికార్డర్ మీట నొక్కాడు. 'కాపాడండి! కాపాడండి!' ఆగకుండా అదే అరుపు.

"దీన్ని బయటికి చేర్చింది ఆ ఓడ రేడియో ఆఫీసర్. కోడ్ నేమ్ నెమలి. మన జీతమూ తీసుకుంటుంది, విదేశీ ముఠా జీతమూ తీసుకుంటుంది. నమ్మకు. ఇంట్లో ఎవరికైనా చెప్పి వెళ్లాలా?"

"ఎవరూ లేరు సార్."

"అందుకే నిన్ను పిలిచాను."

ఫిట్టర్ వేషంలో, మరో కొత్త పేరుతో ఓడెక్కాడతను. చేతి గడియారంలో గ్యాస్ మీటర్. మంచి గాలిలో అది ఆక్సిజన్ ఇరవై ఒక్క శాతం అని చూపిస్తుంది. మెస్సులో అతని పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. మిగతావాళ్లు పిల్లల ఫోటోలు ఒకరికొకరు చూపించుకుంటుంటే, అతను తుడిచిన రెంచీనే మళ్లీ తుడుచుకునేవాడు.

రేవు కనిపించిన మధ్యాహ్నం నెమలి అతని బల్ల దగ్గర ఆగింది. ఎర్రటి లిప్‌స్టిక్, ఖరీదైన సెంటు.

"సముద్రం ఇవాళ చప్పగా ఉంది."

"ఉప్పు నేను తెచ్చాను."

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "బాంబు అడుగు ట్యాంకులో ఉంది. ఆయిల్ జెట్టీకి చేరగానే పేలుతుంది. ఖలాసీల పెద్ద, ఆ సరంగు, ముఠా మనిషే. వాడికి నా మీద అనుమానం వచ్చింది. తొందరపడు."

అతను సామాను సర్దుకుని వెళ్లేసరికి ట్యాంకు మూత తెరిచే ఉంది. లోపల నెమలి గొంతు. "కాపాడండి!"

కాలు నిచ్చెన మీద పడబోయింది. చెయ్యి లోపలికి వెళ్లగానే గడియారం మణికట్టు మీద చురుక్కుమంది. ఎనిమిది.

టేపా? మనిషా?

అరుపు ఆగిపోయింది.

టేపు అలసిపోదు.

ముందు గాలి సిలిండర్ వీపుకు బిగించాడు. మాస్కు అంచు చెంపలకు అతికిందో లేదో వేలితో తడిమి చూసుకున్నాడు. బతుకులో అంత పొడుగాటి పని ఇంకొకటి చేయలేదు. అప్పుడు దిగాడు.

నెమలి స్పృహ లేకుండా పడి ఉంది. లిప్‌స్టిక్ చెరిగినచోట పెదవి నీలంగా ఉంది. వెంట తెచ్చిన ఎమర్జెన్సీ ముసుగు ఆమె తలకు తొడిగి, గాలి మీట తిప్పాడు. కాసేపటికి ఛాతీ కదిలింది.

మూలన బాంబు. అంకెలు దిగుతున్నాయి. పైన జెట్టీ మీదికి తాళ్లు విసురుతున్న కేకలు. పెట్టె మూత ఊడదీసి, వైరు వెతికి, కత్తిరించాడు.

అంకె ఒకటి దగ్గర ఆగింది.

ఆమెను భుజాన వేసుకుని ఒక్కో మెట్టే ఎక్కాడు. ఓడ దిగి పారిపోబోయిన సరంగును చీఫ్ పంపిన పోలీసులు జెట్టీ మీదే పట్టుకున్నారు.

ఆసుపత్రిలో ఆమె కళ్లు తెరిచేసరికి అతను పక్కనే కూర్చుని ఉన్నాడు.

"సరంగు లోపలికి తోసేశాడు," అంది. "రెండు దేశాల జీతం తిన్నాను. నా కోసం ఒక్కడూ దిగడనుకున్నా."

అతను గ్లాసులో నీళ్లు పోసి అందించాడు.

"ఇంతకీ నీ పేరేంటి?"

అతను నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

"ఏ ఓడలో?"