ఒక్క పనికి ఇద్దరు

సోమవారం పొద్దున్న లక్ష్మణమ్మ పెరట్లో కూర్చుని చేపలు కడుగుతోంది. ఆమె మొగుడు జగన్నాధం వరండాలో ఫోన్ పట్టుకుని, అవతలి మనిషి సముద్రం మీద పడవలో ఉన్నట్టు అరిచి మాట్లాడుతున్నాడు.

"ఒరే నరసింగా, పదకొండుకి వొచ్చీ. మా కోడలు అంతా సిద్ధం సేసీసినాది. మా రేఖంటే ఏటనుకున్నావు?"

ముందు గదిలో ఉన్న ధన్‌రాజ్‌కి ఆ మాట చెవిలో పడింది. మా కోడలట! కొడుకన్న మాట పొరపాటునైనా ఆ నోట రాలేదు. తాగుతున్న టీ చేదెక్కింది.

వాళ్ళది సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన కుటుంబం. జగన్నాధం చేపల వ్యాపారం మానేసి శ్రీకాకుళంలో ఇల్లు కట్టుకున్నాడు. ధన్‌రాజ్ ఎమ్‌సీఏ చదివి, విశాఖపట్నంలో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, హుద్‌హుద్ తుపాను పోయిన మరుసటి ఏడాది తిరిగొచ్చి, ఇంటి ముందు గదికి సాఫ్ట్‌వేర్ కంపెనీ అని బోర్డు పెట్టాడు. రేఖ అతని మేనత్త కూతురే. పెళ్ళినాటికి మామూలు బీఎస్సీ. జావా నేర్పింది ధన్‌రాజే. పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు చేస్తే నెత్తిన మొట్టి మరీ నేర్పాడు. ఇప్పుడామె అతని తప్పులు దిద్దుతోంది. నేర్పేటప్పుడు ఉన్న సరదా, ఆమె తనను దాటిపోతుంటే ఉండలేదు.

దానికితోడు చేప తల గొడవొకటి. ఆ ఇంట్లో చేప తల సంపాదన తెచ్చే మనిషి కంచంలో పడటం ఆనవాయితీ. జగన్నాధం వ్యాపారం మానేసినప్పటినుంచీ అది ధన్‌రాజ్‌దే. మొన్న శుక్రవారం లక్ష్మణమ్మ దాన్ని రేఖ కంచంలో వేసింది. "పిల్ల బుర్ర బద్దలుకొట్టుకుంటన్నాది, తిననీ" అంది. నవ్వకండి. చదువుకున్న మగాడి మనసు చేప తల దగ్గర కూడా విరుగుతుంది. ధన్‌రాజ్ ఆ పూట ఆకలి లేదని లేచిపోయాడు.

ఈరోజు రావలసిన నరసింగరావు పెద్ద చేపల వ్యాపారి. ఏ ఊరి నుంచి ఏ చేప ఎన్ని పెట్టెలు వచ్చింది, ఐసు బరువు తీసేస్తే ధరెంత, ఇవన్నీ కొనేవాళ్ళకు ఇంటర్నెట్‌లో కనిపించాలని అడిగాడు. కంపెనీకి దొరికిన మొదటి పెద్ద పని అదే. అది నచ్చకపోతే ధన్‌రాజ్ బోర్డు పీకేసి మళ్ళీ విశాఖపట్నంలో ఉద్యోగం వెతుక్కోవాలి. అందులో ముఖ్యమైన ధర లెక్క రాసింది రేఖ. ఏ అనుమానం వచ్చినా నరసింగరావు ఫోన్ చేసి, "నువ్వు కాదు గానీ, అమ్మాయికియ్యి" అనేవాడు.

ఆదివారం రేఖ చీపురుపల్లిలో అన్నగారింటికి వెళ్ళింది. ఆ సందు చూసుకుని ధన్‌రాజ్ ఓ పని చేశాడు. ఆమె లెక్కను ముందు పెట్టుకుని, అదే పని చేసే ఇంకో లెక్క కొత్త ఫైలులో రాశాడు. దానికి సిగ్గులేకుండా తన పేరే పెట్టాడు. ఆమెది తీసేసి, నరసింగరావు ముందు ఇది నాదేనని చెప్పుకోవాలని అతని ఆశ.

వాళ్ళు వాడే పద్ధతి పేరు స్ప్రింగ్. అందులో ఏ భాగమూ తనకు కావలసింది తాను వెతుక్కోదు. ధర లెక్కగట్టేది ఒకటి కావాలని చెప్పి ఊరుకుంటుంది. పెళ్ళి వంటల దగ్గర వంటమనిషి ఉప్పు అంటే, ఉప్పు చూసుకునేవాడు తెచ్చి అందించినట్టు, అప్లికేషన్ మొదలవగానే స్ప్రింగే వెతికి అందిస్తుంది. ఎవరు ఏ పనికో కాన్ఫిగరేషన్ ఫైలులో రాయొచ్చు, లేదా ఎవరి ఫైలు నెత్తిన వాళ్ళే గుర్తు పెట్టుకోవచ్చు. ధన్‌రాజ్ కాన్ఫిగరేషన్‌లో రేఖ లైను తీసేసి, తన ఫైలు నెత్తిన గుర్తు పెట్టుకున్నాడు.

పొద్దున్నే బండి దిగి వచ్చిన రేఖ, స్నానం చేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. తన లైను కనపడలేదు. చెయ్యి తగిలి పోయిందనుకుని మళ్ళీ రాసి పెట్టింది. అప్లికేషన్ మొదలవలేదు.

"బావా, ఇది లెగట్లేదు. మొన్న బాగానే నడిసినాది కదా?"

ధన్‌రాజ్ టీ గ్లాసు కింద పెట్టాడు. సంగతి వెంటనే అర్థమైంది. నోరు మాత్రం వేరే మాట చెప్పింది.

"సర్వర్‌ది ఏటో అయ్యుంటాది. సిస్టం ఓపాలి ఆపి మళ్ళీ ఎయ్యి."

ఆపి మళ్ళీ వేసింది. అయినా అప్లికేషన్ లేవలేదు.

"అయితే పాత ఫైళ్ళు ఉండిపోయుంటాయి. అన్నీ తుడిసీసి మళ్ళీ బిల్డ్ సెయ్యి."

అదీ చేసింది. తెర నిండా ఎర్ర అక్షరాలు పరుచుకున్నాయి. ఇంకాసేపట్లో నరసింగరావు వస్తాడు. ధన్‌రాజ్ చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"నువ్వు లెగు. నేను సూస్తాను."

"ఉండు బావా. పైన సదివితే నాబం నేదు, అడుగున అసలు కారణం ఉంటాదని నువ్వే కదా సెప్పినావు."

రేఖ అడుగుదాకా వెళ్ళింది. ఒక్కటే ఉండవలసిన చోట రెండు దొరికాయని రాసి ఉంది. ఏది అందించాలో తెలియక స్ప్రింగ్ చేతులెత్తేసింది. ఆ పక్కనే రెండు పేర్లు. ఒకటి ఆమె రాసిన లెక్క. రెండోది ధన్‌రాజ్ పేరు మోస్తున్న లెక్క.

ఆమె ఆ ఫైలు తెరిచి నెమ్మదిగా చివరిదాకా చదివింది.

"నా లైను దానంతటది పోలేదన్నమాట."

ధన్‌రాజ్ చల్లారిన టీ గ్లాసు మళ్ళీ అందుకున్నాడు.

"నువ్వు తీసీసినావు. నేను ఊర్లో నేని రోజు సూసి తీసీసినావు. ఏల బావా?"

"ఏలంటే ఏటి సెప్పమంటావే?" ధన్‌రాజ్ గొంతు లేచింది. "మా నాన్నకి నువ్వే. మా యమ్మకి నువ్వే. ఆ నరసింగరావుకీ నువ్వే! కంపెనీ నాది, సదువు నాది, నీకు నేర్పింది నేను. ఈ ఇంట్లో నేనేటి? నీ ఎనకాల నిలబడ్డానికా?"

"కుళ్ళా బావా నా మీద?"

"అవును, కుళ్ళే!"

రేఖ ఏడవలేదు. కాన్ఫిగరేషన్ తెరిచి, పొద్దున్న పెట్టిన తన లైను తనే తుడిచేసింది. అప్లికేషన్ లేచి నిలబడింది.

"ఇదిగో, నడస్తన్నాది. నీదే. నువ్వే సూపించుకో" అని కుర్చీ వెనక్కి జరిపి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నరసింగరావు చెప్పిన వేళకే వచ్చాడు. జగన్నాధం అతన్ని గదిలోకి తెచ్చి, కోడలేదీ అని చుట్టూ చూశాడు. ధన్‌రాజ్ కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటీ చూపించాడు. నరసింగరావు తనకు తెలిసిన లెక్కలే ఎక్కించమన్నాడు. కోనాం చేప పెట్టెలు, ఐసు బరువు, ఆనాటి ధర. తెర మీద వచ్చిన మొత్తం అతని నోటి లెక్కతో కలిసింది.

"సెభాసురా! ఈ లెక్క నువ్వే రాసినావేటి?"

"నా కొడుకు కాదేటి మరి!" జగన్నాధం మొహం వెలిగిపోయింది.

ధన్‌రాజ్ ఎన్నాళ్ళనుంచో కాచుకున్న మాట అది. వచ్చింది, తండ్రి నోటివెంటే వచ్చింది. కానీ అతను తలెత్తలేకపోయాడు. ఆకలి మీద ఉన్నవాడి ముందు పక్కవాడి కంచం లాగి పెట్టినట్టుంది. వంటింటి నుంచి గిన్నెల చప్పుడైనా వినపడటం లేదు.

"నాది కాదు బాబాయి" అన్నాడు. "రేఖ రాసినాది ముందెట్టుకుని రాసినాను. దానితో ఓ మాటైనా అనకుండా దానిది తీసీసి నాది ఎట్టీసినాను."

జగన్నాధం మొహంలో నవ్వు ఆగిపోయింది. "ఎంత పని సేసినావురా" అన్నాడు నెమ్మదిగా.

ధన్‌రాజ్ వంటింట్లోకి వెళ్ళాడు. లక్ష్మణమ్మ కొడుకు మొహం చూసి, గిన్నె పట్టుకుని పెరట్లోకి తప్పుకుంది. రేఖ గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

"నీది సదివినాను బావా. నాకన్నా నీటుగా ఉన్నాది, సగం లైన్లలో తేల్చీసినావు. అడిగుంటే నా సేత్తోనే నాది తీసీసి నీది ఎట్టీదాన్ని."

"అడగడానికి మనసొప్పలేదే. నేర్పినోణ్ణి కదా."

రేఖ ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు నేదనుకున్నావేటి కుళ్ళు? నువ్వు బండేసుకుని పేటకెల్తావు. పడవలకాడ నిలబడి అందర్తో మాటాడతావు. లెక్కలు నువ్వు సూడు, మనుసుల్తో నేను మాటాడతానని సెప్పి, ఎవరొచ్చినా నన్ను లోపలుంచినావు. నా గొంతు తప్ప నా మొకం తెలిసినోడు ఎవడున్నాడు? నువ్వు కండువా దులుపుకుని వొచ్చినప్పుడల్లా నాకు కడుపు మండిపోయేది. నీ ఫైలొక్కటైనా ముట్టుకున్నానా?"

ఆమెకు దక్కే పొగడ్తలు తప్ప, ఆమె కూర్చున్న లోపలి గది ధన్‌రాజ్‌కి ఎప్పుడూ కనపడలేదు. తన కడుపుమంటలో పడి పక్క మనిషికీ ఒకటుంటుందని తట్టనే లేదు.

"లెగు. ముందు గదిలోకి రా."

"పెద్దోళ్ళ ముందా? నువ్వే కదా ఒద్దన్నావు."

"నాదే బుద్ధి తక్కువ. రాయే."

ఆమెను తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. తను పక్కన నిలబడి, తన ఫైలు నెత్తిన గుర్తు తీసేసి, ఆమె లైను మళ్ళీ పెట్టాడు. అప్లికేషన్ లేచింది.

"ఓలమ్మ, నువ్వేనా తల్లీ? ఇన్నాళ్ళూ గొంతే విన్నాను" అన్నాడు నరసింగరావు.

రేఖ మొదట తడబడింది. రెండు మాటలయ్యాక గొంతు నిలబడింది. అతను అడిగినదానికల్లా జవాబు చెప్పింది. జగన్నాధం గుమ్మానికి ఆనుకుని, కొడుకునీ కోడల్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

"మరి కడకి ఎవరిది ఉంచుతారు?" అన్నాడు నరసింగరావు.

"బావది" అంది రేఖ.

"దానిదే" అన్నాడు ధన్‌రాజ్.

"ఎవరిదో ఒకటి తేల్చండర్రా. అక్కడ నా ఐసు కరిగిపోతన్నాది!"

రేఖ నవ్వింది. కీబోర్డు అతనివైపు జరిపి, "నీదే బాగున్నాది, నిజింగా. నాది తీసీ. కానీ నన్నడిగి తీయి" అంది.

ధన్‌రాజ్ తన ఫైలుకి గుర్తు మళ్ళీ పెట్టి, తండ్రి ముందు, పరాయి మనిషి ముందు, పెళ్ళాన్ని అడిగాడు.

"తీసీమంటావా రేఖా?"

"ఊఁ. తీసీ."

వేలు కీ మీద పెట్టాడు గానీ నొక్కలేకపోయాడు. కళ్ళ నిండా నీళ్ళు, తెర మీద అక్షరాలు అలుక్కుపోయి ఏ లైనో కనపడలేదు. రేఖే ముందుకు వంగి, తెర మీద వేలు పెట్టి చూపించింది.

"ఇదే బావా. ఈ లైను."