బాబాయిగారి జీవితచరిత్ర

పొయ్యి మీద పాలు ఇంకా పొంగనేలేదు, వీధిగుమ్మం ముందు చెప్పులు గుట్టపడ్డాయి. అభిమానులంటే అభిమానులే మరి! కాకినాడ నుంచి కొందరు, రాజమండ్రి నుంచి కొందరు, పెద్దాపురం నుంచి వ్యాను కట్టించుకుని మరికొందరు, సాయంత్రం సన్మానసభ కోసం పొద్దున్నే రామచంద్రపురంలో దిగిపోయారు. ఇంతమందికీ కాఫీ పావనే కలపాలి. రచయిత సత్యం గారి భార్య మాణిక్యాంబ పోయినప్పటినుంచీ రెండు వీధుల అవతల నుంచి రోజూ వచ్చి ఆయనకు వండిపెట్టేది ఆవిడే.

ఎవరైనా అడిగితే "మా బాబాయిగారండి" అంటుంది. అసలు సంగతి ఊళ్ళో పాతవాళ్ళందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. సత్యం గారి అన్న అప్పాజీకి, వదిన అప్పాయమ్మకు పిల్లలు లేరు. మాణిక్యాంబకు తొలిచూలు ఆడపిల్ల పుట్టగానే "మనకేం, మళ్ళీ పుడతారులే" అని సత్యం ఆ పసిగుడ్డును తీసుకెళ్ళి వదిన ఒళ్ళో పెట్టేశాడు. మళ్ళీ పుట్టలేదు. కన్నతండ్రిని బాబాయి అనీ, కన్నతల్లిని పిన్ని అనీ పిలుస్తూనే పావని పెరిగింది. బడికెళ్ళే వయసులో పొరుగింటి సూరమ్మ నోరుజారి చెప్పేసింది. ఆనాటి నుంచీ పావనికి ఒక్కటే ఆశ. ఆయన నోటి వెంట "నా కూతురు" అన్న మాట ఒక్కసారి వినాలి.

"అక్కగారూ, ఇదిగోండి! ప్రెస్సు నుంచి ఇప్పుడే వచ్చాయి" అంటూ గణేష్‌బాబు వంటింటి గుమ్మం దాకా వచ్చేశాడు. రాజమండ్రిలో కాలేజీ లెక్చరరు. సత్యం గారంటే ప్రాణం. ఆయన జీవితచరిత్ర రాయడం కోసం ఎన్ని ఊళ్ళు తిరిగాడో లెక్కలేదు. అట్ట మీద సత్యం గారి నవ్వుమొహం, కింద ఎర్రక్షరాల్లో 'వేల బిడ్డల తండ్రి'.

పావని చేతులు కొంగుకు తుడుచుకుని పుస్తకం తెరిచింది. కుటుంబం గురించి రాసిన పేజీ దగ్గర ఆగిపోయింది. 'ఆ దంపతులకు సంతానం లేదు. ఆ లోటు పాఠకులే తీర్చారు' అని ఉంది.

"ఇది మీకెవరు చెప్పారండి?"

"ఆయనేనండి! నాకు పిల్లల్లేరు గణేష్‌బాబూ, మీరే నా పిల్లలు అన్నారు. నాకైతే కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయనుకోండి."

పావని పొయ్యి ఆపి, పుస్తకం పట్టుకుని వెనకగదిలోకి వెళ్ళింది. సత్యం గారు ఇస్త్రీ జుబ్బా తొడుక్కుంటున్నారు.

"మీకు సంతానం లేదా బాబాయిగారూ?"

గుండీ మీద చెయ్యి ఆగిపోయింది. "ఇప్పుడెందుకమ్మా ఆ గొడవ? బయట జనం ఉన్నారు."

"జనం ఎప్పుడు లేరండి మీకు? నా పెళ్ళిలో నాన్నగారు కన్యాదానం చేస్తుంటే మీరు పందిట్లో విస్తళ్ళు వేయిస్తూ కూర్చున్నారు. పిన్ని పోయిననాడు అమ్మా అని నోరారా ఏడవనివ్వలేదు. అన్నీ దిగమింగుకున్నాను. మీ నవల్లో పిల్ల తప్పిపోయిందని తండ్రి గుండెలు బాదుకుంటే చదివినవాళ్ళంతా ఏడ్చారు. ఆ పిల్ల ఎక్కడికీ పోలేదండి! ఇక్కడే మీకు చారు పోస్తోంది!"

ఆయన మంచం మీద కూలబడ్డారు. "అన్నయ్యకు మాటిచ్చానే. పట్టిసీమలో వీరభద్రుడి ముందు దీపమార్పి ప్రమాణం చేశాను. వదిన బతికుండగా నిన్ను నా బిడ్డ అనను అని. వదినకు ఆ ఒక్క భయమే. పిల్లను మళ్ళీ తీసేసుకుంటారేమోనని బాలింత గది బయటే కూర్చుని ఏడిచేది."

"నాకు నలభై దాటాయండి. నన్నెవరు ఎత్తుకుపోతారు?"

"కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుందమ్మా."

"పడనివ్వండి. మీరు చెప్పకపోతే నేనే చెప్తాను. సభలో మైకు పట్టుకుని చెప్తాను."

ఆయన లేచి మిగిలిన గుండీలు పెట్టుకున్నారు.

సాయంత్రం టౌనుహాలు కిటకిటలాడిపోయింది. మేళతాళాలు, దండలు, శాలువాలు. "మేమే మీ బిడ్డలం!" అని కుర్రకారు కేకలు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే కాబోలు. ముందు వరసలో పావని పక్కన అప్పాయమ్మ కొత్త నేతచీర కట్టుకుని, మరిది వైభవం చూస్తూ కూర్చుంది.

"సత్యం గారి అన్నగారి అమ్మాయి పావని గారు రెండు మాటలు మాట్లాడతారు" అని గణేష్‌బాబు పిలిచాడు.

పావని లేచింది. అప్పాయమ్మ చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, పొద్దుట్నుంచీ నీ మొహం చూస్తూనే ఉన్నాను. నీకు తెలుసని నాకు ఏనాడో తెలుసే. చెప్పుకో తల్లీ, నీ కడుపులో మాట ఎన్నాళ్ళని దాచుకుంటావు? కాకపోతే ముందు నన్ను ఇంటికి పంపించెయ్యి. నా చెవులతో నేను వినలేను."

పావని చేయి మెల్లగా విడిపించుకుని మెట్లెక్కింది. సత్యం గారు తల వంచుకుని ఉన్నారు. హాలంతా ఎదురుచూస్తోంది. మైకు పట్టుకుని ముందు వరసకేసి చూసింది.

"మా... మా బాబాయిగారికి పిల్లల్లేరు" అంది చివరికి. "మీరంతా ఉన్నారు. ఆయన్ని బాగా చూసుకోండి."

చప్పట్లు మారుమోగిపోయాయి. సత్యం గారు శాలువా మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. అభిమానం తట్టుకోలేక ఏడుస్తున్నారని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

దిగి వస్తుంటే పావనికి అప్పుడు తట్టింది. 'వదిన బతికుండగా' అన్నారాయన. అంటే ఆ మాట తన చెవిన పడాలంటే ముందు అమ్మ పోవాలి. ఇన్నేళ్ళూ తను దేవుణ్ణి వేడుకుంది ఇదా! అమ్మ ముందు పోయినా, ఆయనే ముందు పోయినా తనకు మిగిలేది ఏడుపే.

అప్పాయమ్మ ఇంకా అక్కడే ఉంది, రెండు చెవులూ అరచేతులతో మూసుకుని.

పావని ఆ చేతులు నెమ్మదిగా దించింది. "అయిపోయిందే అమ్మా. నేనేం చెప్పలేదు. పద, ఇంటికి పోదాం" అని, ముసలావిడ భుజం మీద తల పెట్టి బావురుమంది.